ఫారంలో రాసిన పని

జూన్ 24, మంగళవారం

పెద్దమ్మ పిట్లంలో దొరికింది.

తొమ్మిదో తరగతి వాళ్ళ చేత నదుల మ్యాపు గీయిస్తున్నాను. క్లాసులో ఉంటే నేను ఫోన్ ఎత్తను. మూడోసారి మోగేసరికి పిల్లలే "ఎత్తుండ్రి మేడం, అర్జెంటేమో" అన్నారు. మా ఆయన. పెద్దమ్మ ఒక్కతే బస్టాండుకు నడిచిపోయి పిట్లం బస్సు ఎక్కిందట. ఆధార్ కార్డు చూపించమంటే చేతిలో పట్టుకున్న మా ఆయన చెప్పు చూపించిందట. ఆ కండక్టరమ్మ ఎవరో గాని మంచిది. రవికకు పిన్నుతో గుచ్చిన చీటీ మీద నంబరు చూసి ఫోన్ చేసి, పిట్లంలో దించి, కంట్రోలర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

ఎటు పోతున్నవ్ అవ్వా అంటే పనికి అని చెప్పిందట. ఏం పని అని అడిగిందో లేదో తెలియదు. అడగకపోయి ఉంటే బాగుండు.

సగం రోజు సెలవు పెట్టి పోయి తెచ్చుకున్నాను. వీధి మలుపులోనే హేమ్లి ఏడుస్తూ ఎదురొచ్చింది. పగలంతా పెద్దమ్మను కనిపెట్టుకుని ఉండటానికి తండా నుంచి వచ్చే మనిషి. నీళ్ళ డబ్బా తేవడానికి సందు చివరికి పోయింది, అంతే. నలుగురూ చూస్తుండగా ఆమె మీద అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అరవాల్సింది ఆమె మీద కాదని అరుస్తున్నప్పుడే తెలుసు.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. అమ్మకు అక్క, ఈ గంగుబాయి, నన్ను పిట్లం తీసుకుపోయి పెంచింది. ఆమెకు పిల్లలు లేరు, పెనిమిటి అంతకుముందే పోయాడు. ఆరేళ్ళ కింద బాన్సువాడలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఇవన్నీ నాకు తెలియని సంగతులా, రాసుకోవడానికి. ఇవాళ తిరుగు బస్సులో పక్కన కూర్చుని "నువ్వు ఎవరి బిడ్డవు?" అని అడిగింది. అందుకు రాస్తున్నాను.

జూన్ 25

హేమ్లికి తప్పయిందని చెప్పలేదు. రేపు చెప్తాను.

జూన్ 29, ఆదివారం

పొద్దున పెద్దమ్మ గ్యాస్ తిప్పి వదిలేసింది. మా వర్ష వాసన పసిగట్టింది కాబట్టి సరిపోయింది. ఇంటర్ చదివే పిల్ల పుస్తకం పక్కన పెట్టి వంటింటికి కాపలా కూర్చోవాలా.

మా ఆయన వెంకటేశానికి మోటార్లు వైండింగ్ చేసే దుకాణం. ఇది నాట్ల కాలం. రైతులు కాలిపోయిన మోటారు దించి, అది అయ్యేదాకా అక్కడే కూర్చుంటారు. ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని తినకుండా మాట్లాడాడు.

"ఇగ ఇట్ల నడ్వది శ్రీలతా. నేను దుకాణం బంద్ పెడ్త అంటే వద్దంటవు. నువ్వు సెలవు పెడ్తవా అంటే సప్పుడు చెయ్యవు."

"నేనేమన్న ఇప్పుడు?"

"ఏమనకుంటెనే నాకు ఫికర్. హైదరాబాద్ల ఇట్లాంటోళ్ళను చూసుకునే జాగలున్నయంటుండ్రు. ఒకపారి చూసొద్దాం. చూస్తే ఏం పోతది?"

ఆ మాట నేను పదిహేను రోజులుగా అనుకుంటున్నాను. ఆయన నోటి నుంచి వచ్చేదాకా ఆగాను. వచ్చాక, ఎంత మాటన్నావు అన్నట్టు మొహం పెట్టాను కూడా. పాపం ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

అంతకుముందే వర్ని ఊరి రాజాబాబు గారిని అడిగి పెట్టుకున్నాను. వాళ్ళ తాతల నాడే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. కూతురు నా దగ్గరే పదో తరగతి చదివింది. దాని బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం బడికి వస్తే, మీ అమ్మ గారిని ఏదో హోమ్‌లో పెట్టారట, తెలిసినవాళ్ళ కోసం అడుగుతున్నానండీ అన్నాను.

"అడగండి మేడమ్, అందులో మొహమాటమేముంది? మా అమ్మని కొంపల్లిలో పెట్టి రెణ్ణెల్లయింది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళ కోసమే కట్టిన హోమ్ అండి అది. మా వల్ల కాలేదు, పెట్టాం. ఎవరేమనుకుంటే నాకేంటండీ?" అన్నాడాయన, స్టాఫ్ రూం అంతా వినేట్టు.

ఆయనకు సిగ్గులేదు. మంచి అర్థంలోనే అంటున్నాను.

జూలై 6, ఆదివారం

హైదరాబాద్ పోయి రెండు చూశాం.

మొదటిది బోయిన్‌పల్లి సందుల్లో. కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు, గోడలకు పెచ్చులు లేచి ఉన్నాయి. కింద హాల్లో చాప మీద అయిదుగురు ముసలమ్మలు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఒకామె గింజలూ తొక్కలూ ఒకే గిన్నెలో వేస్తోంది. ఎవరూ ఏమీ అనడం లేదు. నడిపే ఆవిడ కూడా వాళ్ళ మధ్యే కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి లేవలేదు. గదులు చూపించలేదు. "ఏం పని చేస్తుండె ఆమె? చేతులు ఊకె ఉంటయా, ఏమన్న కావాల్నా? దేనికి కోపమొస్తది?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నలు నాకు నచ్చలేదు. ఆలోచించి చెప్తామని లేచాను.

రెండోది కొంపల్లి. గేటు దగ్గర పేరు రాసుకున్నారు. గాజు తలుపు, నున్నటి టైల్సు, చిన్న తోట. ఇన్‌ఛార్జి సుస్మిత అనే అమ్మాయి, ముప్పై ఉంటాయేమో, గదులు చూపించింది, బాత్రూంలో పట్టుకునే కడ్డీలు చూపించింది, డాక్టర్ ఏ రోజుల్లో వస్తాడో చెప్పింది. నేను తల ఊపుతూ ఏం చూశానో నిజం రాయాలంటే, బయట ఆగిన కార్లు చూశాను. చూడ్డానికి వచ్చినవాళ్ళ చెప్పులు చూశాను.

"మొదటి దాంట్ల ముసలోళ్ళు ఖుషీగ ఉన్నరు గద" అన్నాడు మా ఆయన తిరుగుదారిలో.

"గోడలు చూసినవా?"

"గోడలు చూడలే."

"నేను చూసిన."

కొంపల్లి ఖాయం చేశాం. పెద్దమ్మకు శుభ్రత ముఖ్యం, డాక్టరు ముఖ్యం. ఈ రెండూ అబద్ధం కాదు.

జూలై 10

వీధిలో అందరికీ పెద్దమ్మకు కళ్ళ ఆపరేషన్ అని చెప్పాను. హైదరాబాద్ దవాఖానలో కొన్నాళ్ళు ఉండాలి అని. ఎదురింటి నర్సింలు అన్న "ఏ కన్ను?" అని అడిగాడు. రెండూ అన్నాను.

జూలై 13, ఆదివారం

దింపి వచ్చాం.

కారులో పెద్దమ్మ హుషారుగా ఉంది. కిటికీలోంచి నాట్లు వేసేవాళ్ళను చూసి "వంగుండ్రి, వంగుండ్రి" అని నవ్వింది. నిజాంసాగర్ కాలువ దాటాక నిద్రపోయింది. నిద్రలోనూ చేతులు ఆడుతూనే ఉన్నాయి, కొంగు అంచు పట్టుకుని చుట్టడం, విప్పడం. వర్ష ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. కాసేపు ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

అక్కడ రాజాబాబు గారు ఉన్నారు. వాళ్ళ అమ్మ నాగేశ్వరమ్మ గారికి డబ్బాలో సున్నుండలు తెచ్చారు. "రండి మేడమ్, తెలిసినవాళ్ళన్నారు, మీ పెద్దమ్మ గారేనా" అని నవ్వి సోఫాలో జరిగి చోటిచ్చారు. తప్పు పట్టినట్టేం అనలేదు. అయినా చెవులు కాలాయి. మా ఆయన కారు పెట్టడానికి బయట ఉండిపోయాడు, వర్ష పెద్దమ్మ బట్టల సంచి పట్టుకుని గది చూడ్డానికి వెళ్ళింది.

సుస్మిత ఫారం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే పైకి అడుగుతూ రాస్తోంది. పేరు. వయసు. బీపీ, షుగర్. నిద్ర. తర్వాత, "ఇంతకుముందు ఏం పని చేసేవారు మేడమ్? అది తెలిస్తే మేము ఆవిడ రోజు ఎలా గడపాలో దాన్నిబట్టి చూసుకుంటాం."

రాజాబాబు గారు అప్పుడే తమ ముప్పై ఎకరాల సంగతి చెప్పి ముగించారు. ఆయన నా వైపే చూస్తున్నారు.

"టీచర్" అన్నాను.

ఎందుకన్నానో కాదు, ఎంత తేలికగా అన్నానో రాసుకోవాలి. పిల్లలకు హాజరు పిలిచినంత తేలికగా అన్నాను.

"ఏ సబ్జెక్ట్?"

"తెలుగు."

"అదీ సంగతి. చదువనేది ఇంట్లోనే ఉండాలండీ" అన్నారు రాజాబాబు గారు.

నలభై ఏళ్ళు బీడీలు చేసిన మనిషి. పొద్దున్నే తునికాకు తడిపి గోనెలో కట్టడం, ఒడిలో చాట పెట్టుకోవడం, ఆకును కత్తెరతో ఒకే కొలతలో కోయడం, తంబాకు పోసి చుట్టి దారం వేసి కొన మడవడం, సాయంత్రానికి కట్టలు కట్టి కార్ఖానాకు పోవడం. నేను చదివిన ప్రతి తరగతీ ఆ చాటలోంచి వచ్చింది. ఆ మనిషి నా పక్కనే కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది, మర్యాదగా, కొత్తవాళ్ళను చూసినట్టు.

చివర సంతకం పెట్టించమంది సుస్మిత. పెద్దమ్మకు సంతకం రాదు. నేను పెన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

"ఆవిడకి చెయ్యి వణుకుతుందా మేడమ్? పర్లేదు, వేలిముద్ర చాలు."

"అవును, వణుకుతుంది" అన్నాను.

ఆ చెయ్యి నేను పుట్టినప్పటి నుంచి ఎప్పుడూ వణకలేదు.

వచ్చేముందు పెద్దమ్మ గాజు తలుపు దాకా వచ్చి "పోయిరాండ్రి, మంచిగ పోండ్రి" అంది, మేము చుట్టాలమైనట్టు. మా ఆయన కారులో మేడ్చల్ దాటేదాకా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఫారం గురించే ఆలోచిస్తున్నాను.

జూలై 14

ఫారం సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఒక్క మాట, ఎవరు చూస్తారు.

జూలై 27, ఆదివారం

వర్షకు టెస్టులు, మా ఆయనకు పని. ఒక్కదాన్నే పోయాను.

అక్కడందరూ ఆమెను టీచరమ్మా అని పిలుస్తున్నారు. మంచి పిల్లలు. రోజూ పొద్దున ఆమె ముందు పలకా బలపం పెడుతున్నారట, పేపరిచ్చి చదవమంటున్నారట. పెద్దమ్మ పేపరు తీసుకుని జాగ్రత్తగా మడిచి, గోటితో గీరి, పొడుగు ముక్కలుగా చింపుతుందట. ఒక ఆయా నా ముందే "పాపం టీచరమ్మ, అక్షరాలు కూడ మర్సిపోయింది" అంది. నేను తల ఊపాను. ఎప్పుడూ రాని అక్షరాలు.

సుస్మిత గదిలోకి పిలిచింది.

"కొంచెం ఇబ్బందిగా ఉంది మేడమ్. చేతులు ఒక్క నిమిషం ఆగట్లేదు. దుప్పట్లు చింపేస్తున్నారు. నాగేశ్వరమ్మ గారి నేతచీర అంచు మొత్తం పీకి ముక్కలు చేశారు. ఆవిడ ఏడ్చారు. డాక్టర్ గారు ఇది జబ్బులో భాగమే అన్నారు, కుదురుగా ఉండటానికి ఒక టాబ్లెట్ మొదలుపెడదామన్నారు. ఇంట్లో కూడా ఇలాగే ఉండేవారా?"

ఇక్కడ చెప్పాలి. ఇక్కడే చెప్పాలి. రాస్తుంటే ఎంత తేలికగా ఉంది.

"ఉండేది గానీ ఇంతగా కాదు" అన్నాను.

సంతకం పెట్టాను.

జూలై 28

టాబ్లెట్ సంగతి డాక్టర్‌ది. నేను సోషల్ చెప్పే మనిషిని, డాక్టర్‌ను కాదు. వాళ్ళు ఇట్లాంటివాళ్ళను వందమందిని చూసి ఉంటారు. చేతుల కదలిక నిజంగానే జబ్బు వల్ల కావచ్చు. అది పని వల్లే అని నేనెట్లా చెప్పగలను.

ఆగస్టు 3

పేపర్లు దిద్దాలి. పోలేదు.

ఆగస్టు 10

పోలేదు.

ఆగస్టు 17, ఆదివారం

పదకొండు గంటలకు పెద్దమ్మ కుర్చీలో నిద్రపోతోంది. గడ్డం రవికకు ఆని ఉంది. రెండు చేతులకూ తెల్ల గుడ్డ సంచులు తొడిగి మణికట్టు దగ్గర నాడాతో కట్టారు.

టాబ్లెట్ తర్వాత కూడా చేతులు ఆగలేదట. పట్టుకోవడానికి ఏదీ దొరక్కపోతే తన వేళ్ళ తోలు తానే పీక్కుంటోందట. పుండ్లు పడ్డాయట. "మానేదాకానే మేడమ్" అని సుస్మిత నాడా విప్పి చూపించింది. చూపుడు వేలు, బొటనవేలు. బీడీ మడిచే వేళ్ళే.

పక్కన రాజాబాబు గారు వాళ్ళ అమ్మకు బత్తాయి తొనలు ఒలిచి పెడుతున్నారు. నన్ను చూసి జాలిగా "చాక్‌పీసు పట్టిన చెయ్యి కదండీ, ఊరుకోదు. రేపు మీకూ నాకూ అంతేగా" అన్నారు.

ఆయన మంచివాడు. ఆ క్షణాన ఆయన ఎక్కడికైనా లేచిపోతే చెప్పేద్దునని అనుకున్నాను. ఆయన లేచిపోయాడు, గిన్నె కడగడానికి, పది నిమిషాలు రాలేదు. సుస్మిత నా ముందే ఉంది. నేను పెద్దమ్మ జుట్టు దువ్వుతూ ఉండిపోయాను.

జుట్టు దువ్వితే ఏమవుతుంది. నలుగురు చూసి, బాగా చూసుకుంటుంది అనుకుంటారు.

ఆగస్టు 18

బాత్రూంలో నా చేతులకు వర్ష పాత స్కూల్ సాక్సులు తొడుక్కుని చూశాను. ఎంతసేపు ఉండగలనో అని. పాలు పొంగుతున్నాయని మా ఆయన పిలిచాడు, తీసేశాను.

ఆగస్టు 29, శుక్రవారం

మూడు రోజులుగా వాన. చవితి రోజు మొదలైంది, ఆగలేదు. కామారెడ్డి దగ్గర రోడ్డు తెగిందట, హైదరాబాద్ బస్సులు లేవు. ఈ ఆదివారం పోవడం కుదరదు. విన్న వెంటనే నాకేమనిపించిందో రాస్తాను: హమ్మయ్య అనిపించింది.

బడికి సెలవు. హేమ్లి వచ్చింది. పెద్దమ్మ హోమ్‌కు పోయాక ఆమెకు మా ఇంట్లో పని లేదు, వీధి చివర ఇంట్లో గిన్నెలు తోముతోంది. వాన తగ్గేదాకా మా గడప మీద నిలబడింది. లోపలికి రమ్మని చాయ్ ఇచ్చాను.

"అవ్వ కళ్ళెట్లున్నయి మేడం?"

"మంచిగైతున్నయి."

చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, నా వైపు చూడకుండా అంది. "కళ్ళు కావు గద మేడం. నాకెర్కనే. ఎవరికి చెప్పలె నేను."

అప్పుడు అన్నాను, జూన్‌లో అనాల్సింది. "ఆ దినం నీ మీద అరిసిన. తప్పయింది హేమ్లీ."

"పోనియ్యుండ్రి. అవ్వ ఆడ దినమంత ఏం చేస్తది?"

"ఏం చెయ్యదు. చేతులు ఆగుతలెవ్వంట. కట్టిపెట్టిండ్రు."

హేమ్లి నన్ను వింతగా చూసింది. "కట్టుడేంది మేడం? నేను పాత పేపర్లు ఆకు లెక్క కత్తిరించి ఇస్తుంటి. చాట ఒడిల పెడితె సాయంత్రం దాక కదలకపోతుండె. ఒక్కొక్క పేపరు చుట్టి కట్టలు కడుతుండె. తప్పు చుడితె నన్ను తిడుతుండె కూడ. మీరు వచ్చె యాల్లకు అన్ని ఊడ్చి పారేస్తుంటి. మీకు కోపమొస్తదని."

గుర్తొచ్చింది. చలికాలంలో ఒకరోజు తొందరగా ఇంటికొచ్చి, నట్టింట్లో కాగితం ముక్కలు చూసి, ఈ చెత్తంతా ఏంది అని హేమ్లిని కోప్పడ్డాను. చెత్త అని నేనన్నది కాగితాన్ని కాదు. ఎదురింటివాళ్ళు ఎవరైనా వచ్చి చాట ఒడిలో పెట్టుకున్న పెద్దమ్మను చూస్తారేమో అన్నది నా భయం. అప్పుడు హేమ్లి ఊడ్చడం మొదలుపెట్టింది.

అంటే మందు మా ఇంట్లోనే ఉండింది. పిట్లం బస్సెక్కిన రోజు కూడా, ముందు వారం నేను ఆ చాట అటక మీదికి ఎక్కించాను కాబట్టే ఆమె పని వెతుక్కుంటూ పోయింది. ఇప్పుడు కూర్చుని తారీఖులు చూసుకుంటే తెలుస్తోంది. ఎవరో చేసిన తప్పు కాదు, జబ్బు చేసిందీ కాదు.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఫారం, టీచర్, వణుకు, సంతకం, సంచులు. ఆయన చాలాసేపు పాత మోటారు రాగితీగ వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"అత్తమ్మ బీడీలు చేసిందని నేను పెండ్లి చూపులల్లనే ఎర్కజేసుకున్న. మా అమ్మ కూడ చేసింది. నీకెందుకింత పెద్ద సంగతైంది?"

సమాధానం ఉంది. చెప్పలేదు.

సెప్టెంబర్ 5

బడిలో గురుపూజోత్సవం. పిల్లలు నాకు పెన్ను ఇచ్చారు, ఇంటికొచ్చి బీరువాలో పడేశాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

పెద్దమ్మను ఇంటికి తీసుకురాలేదు. ముందే రాస్తున్నాను, తర్వాత దాటేస్తానని. ఆమెకు ఇద్దరు మనుషులు కావాలి ఇప్పుడు, మా ఇంట్లో లేరు. అక్కడే ఉంటుంది.

వర్షా నేనూ పోయాం. హేమ్లి నిన్న కూర్చుని కత్తిరించిన కాగితాల కట్టా ఒక దారపు ఉండా ఇచ్చి పంపింది. రోడ్డు ఇంకా సగమే బాగయింది, బస్సు అయిదు గంటలు పట్టింది. దారంతా మాటలు కూర్చుకున్నాను. మొదట సుస్మితను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాలనుకున్నాను. మేడ్చల్ వచ్చేసరికి అది కూడా తప్పించుకోవడమే అనిపించింది.

హాల్లో అందరూ ఉన్నారు. రాజాబాబు గారు, నాగేశ్వరమ్మ గారు, ఇంకో మూడు కుటుంబాలు. పెద్దమ్మ కిటికీ పక్క కుర్చీలో సగం కళ్ళు తెరిచి ఉంది, చేతులకు సంచులు. ఇంకా చిక్కింది.

"సుస్మితా, మా పెద్దమ్మ ఫారం తీయండి. అందులో నేను తప్పు రాయించాను."

"అడ్రస్సా మేడమ్?"

"పని. ఆమె టీచర్ కాదు. బడి మొహం చూడలేదు. పిట్లంలో నలభై ఏళ్ళు బీడీలు చేసింది. ఆ చేతులు చేసేది అదే. ఆకు వెతుక్కుంటున్నాయి. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు."

క్లాసు గొంతుతోనే చెప్పాను. వెనక బెంచీ దాకా వినబడే గొంతు.

సుస్మిత ఫైలు తెరిచి చూసింది. "అడిగింది ఇందుకే కదా మేడమ్" అంది. "తెలిస్తే ఆ టాబ్లెట్ మొదలుపెట్టేవాళ్ళమే కాదేమో. ఆరు వారాలు." గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకుంటూ వస్తామంది. టీచర్ అన్న మాట కొట్టేసి పైన రాసింది, నా చేత పక్కన సంతకం పెట్టించింది.

రాజాబాబు గారు "బీడీలైతే ఏమైందండీ మేడమ్. మా పొలానికొచ్చే ఆడవాళ్ళంతా చేసేవాళ్ళేగా" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నేను రెండు నెలలు భయపడింది ఈ మాటకే. విన్నాక చూస్తే, ఇంతే.

వర్ష కింద కూర్చుని నాడాలు విప్పింది. పుండ్లు మానాయి, కొత్త తోలు గులాబీ రంగులో ఉంది. ఒడిలో తువ్వాలు పరిచి కాగితాలు పెట్టాం. మందు మత్తుకు వేళ్ళు తడబడ్డాయి. ఒకటి జారింది, రెండోది ఊడింది. మూడోది చుట్టుకుంది. దారం వేసి, కొన మడిచి, బొటనవేలితో నొక్కి పక్కన పెట్టింది. ఆయాలు చుట్టూ మూగారు. పెద్దమ్మ ఎవరినీ చూడలేదు.

నాకు ఒక్కసారిగా గర్వం పొంగింది. అది కూడా రాయాలి, ఎందుకంటే అది కూడా చూపించుకోవడమే. రాజాబాబు గారి వైపు తిరిగి, "పిట్లం కార్ఖానాలో ఈమె చేసిన బీడీని ఎవరూ తీసి పారేయలేదండీ. ఒక్కటి కూడా" అన్నాను.

పెద్దమ్మ తల ఎత్తింది. నా కొంగు పట్టి దగ్గరికి లాగింది.

"గట్టిగ అనకు. మా పిల్ల వింటది."

"ఎవరు?"

"మా శ్రీలత. దానికి నామోషి గీ పని. బడిల ఎవ్వలకు ఎర్కలేదు. నేను గా దిక్కుకే పోను." గొంతు ఇంకా తగ్గించింది. "నువ్వు కూడ అనకు బిడ్డా. అది సదువుకుంటుంది."

వర్ష నా వైపు చూసింది. నేను దాని వైపు చూడలేకపోయాను.

ఆరో తరగతిలో ఒకరోజు, నా పక్కన కూర్చునే పిల్ల నా నోట్‌బుక్కు వాసన చూసి ముక్కు మూసుకుంది. ఇంటికొచ్చి పెద్దమ్మతో, ఆ చేతులతో నా పుస్తకాలు ముట్టకు అన్నాను. ఆమె సరే అంది. అంతే జరిగింది. నేను ఇన్ని పేజీల్లో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు గుర్తులేదని కాదు, ఆమెకు గుర్తుండదనుకున్నాను.

పెద్దమ్మ కిటికీలోంచి ఎండ చూసింది. చుట్టినవి గబగబా ఒక పక్కకు నెట్టి లేవబోయింది.

"యాల్లయింది. పిల్ల వస్తది. చేతులు కడుక్కోవాలె."

నడిపించుకుని పోయాను. కుళాయి తిప్పి సబ్బిచ్చాను. మోచేతుల దాకా రుద్దుకుంది, గోళ్ళ సందులు కూడా. కడుక్కుని రెండు చేతులూ నా మొహం దగ్గర పెట్టింది.

"వాసనొస్తుందా?"

"లేదు పెద్దమ్మా. వస్తలేదు."

నమ్మలేదు. మళ్ళీ సబ్బు తీసుకుంది.